నరం దెబ్బతిన్న తరువాత మూత్రాశయం ఎందుకు బలుస్తుంది?

బెంగళూరులోని పాత పేటలలో నగర్తపేట ఒకటి. నగర్తలనే వర్తకుల పేరు మీద ఏర్పడిన ఈ పేటలో రెండు తోపుడుబండ్లు ఎదురుపడితే ఒకటి వెనక్కు మళ్ళవలసినంత ఇరుకు సందులు నేటికీ ఉన్నాయి. చైత్ర పౌర్ణమికి జరిగే కరగ ఉత్సవానికి నిలయమైన ధర్మరాయస్వామి ఆలయం ఇక్కడిదే. ఉత్సవపు రోజులు తప్ప మిగిలిన కాలమంతా ఈ పేటను కదిలించేవి సరుకుల మూటలు. లారీ రాలేని సందులోనికి మూటను మనిషి వీపే చేరవేయాలి. కన్నడంతో పాటు తెలుగూ, తమిళమూ వినవచ్చే ఈ వీధులలో, బ్రతుకుతెరువు కొరకు సరిహద్దు పల్లెల నుండి వచ్చినవారు కూడా ఉంటారు.

అటువంటి కూలీ ఒకరు మూటతో మేడమెట్లు దిగుతూ జారిపడ్డారని, వెన్ను విరిగిందని అనుకొందాము. ఆసుపత్రిలో కొన్ని వారాలు గడిపి ఆయన సొంత ఊరికి చేరుతారు. కాళ్ళు కదలవు. చూడవచ్చిన బంధువులందరి చూపూ ఆ కాళ్ళ మీదనే ఉంటుంది. పంచె తడుస్తూ ఉంటుంది గనుక మూత్రం ఎలాగో పోతూనే ఉందని ఇంటివారు ఊరట చెందుతారు. నిజానికి అపాయం అక్కడే మొదలవుతుంది. బయటకు కారుతున్నది పొంగిపొర్లిన చుక్కలు మాత్రమే. లోపల మూత్రాశయం అంచుల వరకు నిండి ఉండవచ్చు.

ఇందులో ఒక విచిత్రం ఉంది. నరాలు దెబ్బతిన్న కాలు నెలలు గడిచేకొద్దీ సన్నబడుతుంది, కండ కరిగిపోతుంది. నరాలు దెబ్బతిన్న మూత్రాశయం మాత్రం అందుకు విరుద్ధంగా బలుస్తుంది, దాని గోడ మందమవుతుంది. ఒకే దెబ్బకు రెండు అవయవాలు ఇలా వేరువేరుగా ఎందుకు మారుతాయి? ఈ ప్రశ్నకు సమాధానం తెలిసిన కుటుంబం రోగి మూత్రపిండాలను కాపాడుకోగలదు.

'నరం' అంటే ఏమిటి?

ముందుగా ఒక మాటను సరిచేసుకోవాలి. మన పల్లెలలో రక్తనాళాన్నీ నరమంటారు, కండను ఎముకకు కట్టి ఉంచే పోగునూ నరమంటారు. ఇక్కడ చెప్పుకొనే నరం మెదడుకూ అవయవాలకూ మధ్య కబుర్లు మోసే నాడి. నాడులకు ప్రధాన మార్గం వెన్నెముక లోపల ఉండే వెన్నుపాము. బెంగళూరు ఆసుపత్రులలో దీనినే కన్నడంలో 'బెన్నుహురి' అంటారు. మూత్రాశయాన్ని 'మూత్రకోశ' అంటారు. ఈ రెండు మాటలు తెలిసి ఉంటే వైద్యులు చెప్పేది సగం అర్థమవుతుంది.

వెన్నుపాముకు, దాని నుండి వెలువడే నాడులకు హాని కలగడానికి ప్రమాదాలు ఒక్కటే కారణం కాదు. చింతకాయలు దులపడానికి చెట్టెక్కి జారిపడటం, బావిలో పడటం, రోడ్డు ప్రమాదాలు, వెన్నెముకకు సోకే క్షయ, పుట్టుకతోనే వెన్నెముక మూసుకోకపోవడం, ఏళ్ళ తరబడి అదుపు తప్పిన మధుమేహం ఇవన్నీ కారణాలే. నీటిలో ఫ్లోరైడు అధికంగా ఉన్న ప్రాంతాలలో ఎముక పెరిగి వెన్నుపామును నొక్కివేసిన సందర్భాలూ ఉన్నాయి. ఫ్లోరోసిస్ వ్యాధి తీవ్రతను మన దేశంలో 1937లో వైద్యులు వివరించినది అప్పటి నెల్లూరు జిల్లా పల్లెల నుండే. అనంతపురం, కోలారు, పావగడ ప్రాంతాల వారికి ఈ నీటి సమస్య కొత్త కాదు.

ఆరోగ్యంగా ఉన్నప్పుడు

మూత్రపిండాలు రోజుకు సుమారు ఒకటిన్నర లీటర్ల మూత్రాన్ని తయారుచేస్తాయి. అది రెండు మూత్రనాళాల ద్వారా బొట్టుబొట్టుగా మూత్రాశయానికి చేరుతుంది. పెద్దవారి మూత్రాశయం 400 నుండి 500 మిల్లీలీటర్ల వరకు సౌకర్యంగా పట్టుకొంటుంది. దాని గొప్పతనం గోడలో ఉంది. లోపల నీరు చొరని పలుచని పొర, దాని వెలుపల అన్ని దిక్కులకు అల్లుకొన్న కండర పోగులు, వాటి నడుమ సాగే గుణం గల నారలు ఉంటాయి. అందువలన మూత్రాశయం నిండుతున్నా లోపలి పీడనం పెద్దగా పెరగదు. మూత్రపిండాలు ప్రశాంతంగా పనిచేయడానికి ఈ తక్కువ పీడనమే ఆధారం.

నిండిన సంగతి నాడుల ద్వారా వెన్నుపాముకు, అక్కడి నుండి మెదడుకు చేరుతుంది. సమయం, చోటు కుదిరినప్పుడు మెదడు కాండం నుండి ఆజ్ఞ వెలువడుతుంది. ఆ ఆజ్ఞతో మూత్రాశయ కండరం ముడుచుకొంటుంది, అదే క్షణంలో దిగువనున్న ద్వారపు కండరం సడలుతుంది. ఈ రెండు పనులు ఒకేసారి జరగడమే ఆరోగ్యం.

రెండు విధాల దెబ్బ

మూత్రాశయాన్ని ముడిచే నాడులు వెన్నుపాము చివర, త్రికాస్థి భాగానికి చెందిన రెండు, మూడు, నాలుగు స్థానాల నుండి బయలుదేరుతాయి. దెబ్బ ఆ చోటనో, అక్కడి నుండి వెలువడే నాడులకో తగిలితే మూత్రాశయం చచ్చుబడుతుంది. ఖాళీ చేయించే ఆజ్ఞ రాదు. అది నిండుతూ, సాగుతూ, చివరకు పొర్లుతుంది. దీర్ఘకాల మధుమేహంలో కూడా నిండిన సంగతి తెలిపే నాడులు మొద్దుబారి ఇదే స్థితి మెల్లగా ఏర్పడవచ్చు.

దెబ్బ అంతకు పైన తగిలితే కథ మరొకటి. మొదటి కొన్ని వారాలు వెన్నుపాము దిగ్భ్రాంతిలో ఉండి మూత్రాశయం స్తబ్ధంగా ఉంటుంది. తరువాత మెదడు అదుపు లేకుండానే దిగువ భాగం తనంతట తాను పనిచేయడం మొదలుపెడుతుంది. కొంచెం నిండినా మూత్రాశయం బలంగా ముడుచుకొంటుంది. అయితే ద్వారపు కండరం కూడా అదే సమయంలో బిగుసుకొంటుంది. నగర్తపేట సందులో ఒక చివరనున్న పోలీసు జనాన్ని నడవమని ఈల వేస్తుండగా, రెండవ చివరనున్న పోలీసు దారి మూసివేసినట్లుంటుంది ఈ స్థితి. మధ్యలో చిక్కుకొన్న జనం ఒత్తిడి గోడల మీద పడుతుంది. రెండు విధాల దెబ్బలలో ప్రమాదం ఎక్కువైనది ఇదే.

గోడలో జరిగే మార్పు

మూటలు మోసే హమాలీ శరీరాన్ని గమనిస్తే మూత్రాశయంలో జరిగేది అర్థమవుతుంది. రోజూ బరువు మోయగా ఆయన భుజం కండ బలుస్తుంది. అరచేతిలో చర్మం మందమై కాయలు కాస్తుంది. కండ బలవడం శక్తికి గుర్తు. కాయ కాయడం మొరటుదనానికి గుర్తు. మూత్రాశయపు గోడలో ఈ రెండింటిని పోలిన మార్పులు జరుగుతాయి.

మొదట కండర కణాలు ఒక్కొక్కటి పెద్దవవుతాయి. మామూలుగా అరుదుగా విభజన చెందే ఈ కణాలలో కొన్ని విభజన చెంది సంఖ్యలోనూ పెరుగుతాయి. నాడి నుండి రావలసిన రసాయన సంకేతం తగ్గిపోయినందున కండరం ఆ రసాయనానికి అతిగా స్పందించడం నేర్చుకొంటుంది. తరువాత కండర పోగుల నడుమ కొల్లాజెన్ అనే నారపదార్థం పేరుకొంటుంది. సాగే గుణం తగ్గి గోడ బిరుసెక్కుతుంది. కాలక్రమంలో లోపలి వైపు కండర పోగులు త్రాళ్ళవలె ఉబ్బి, వాటి మధ్య బలహీనమైన చోట్ల చిన్న సంచులవలె గోడ బయటకు పొడుచుకొని వస్తుంది. ఎక్స్‌రేలో అటువంటి మూత్రాశయం గుండ్రంగా కాక దేవదారు చెట్టు ఆకారంలో కనబడుతుంది.

మార్పు గోడతో ఆగదు. సాగిన కండరం 'నాడీవృద్ధి కారకం' అనే ప్రోటీనును ఎక్కువగా తయారుచేస్తుంది. ఇటువంటి వృద్ధి కారకాలను కనుగొన్నందుకే రీటా లెవీ-మోంటాల్చినీ, స్టాన్లీ కోహెన్‌లకు 1986లో నోబెల్ బహుమతి లభించింది. అది నాడుల వెంట వెన్నుపాము దాపునకు చేరి నాడీకణాలను పెద్దవి చేస్తుంది. అంతవరకు నిద్రాణంగా ఉన్న సన్నని నాడీతంతువులు మేల్కొని, కొద్దిపాటి మూత్రానికే అలజడి సృష్టిస్తాయి. ఈ విధంగా నాడి పోయినందున కండరం మారుతుంది, మారిన కండరం మళ్ళీ మిగిలిన నాడులను మారుస్తుంది.

నిలిచిన మూత్రం లోపలి పొరను కూడా బలహీనపరుస్తుంది. నీరు చొరని ఆ పొర దెబ్బతింటే సూక్ష్మజీవులకు దారి దొరుకుతుంది. రాళ్ళు ఏర్పడతాయి. ఏళ్ళ తరబడి లోపలనే ఉంచిన గొట్టం వలన ఈ పొర కణాల స్వభావమే మారి, కొందరిలో క్యాన్సరుకు దారితీసే ముప్పు కూడా ఉంది.

నరం పోయినందుకా? నిండినందుకా?

ఇక అసలు ప్రశ్నకు వద్దాము. గోడ బలవడానికి కారణం నరం పోవడమా, లేక మూత్రం నిలిచిపోవడమా? శాస్త్రవేత్తలు ఎలుకలపై దీనిని పరీక్షించారు. మూత్రాశయపు నాడులను తొలగించిన ఎలుకలలో కొద్ది వారాలలోనే మూత్రాశయం బరువు కొన్ని రెట్లు పెరిగింది. మరికొన్ని ఎలుకలలో నాడులను తొలగించడంతో పాటు మూత్రం మూత్రాశయంలోనికి చేరకుండా వేరే దారికి మళ్ళించారు. వాటిలో నాడులు లేవు, నిండడమూ లేదు. ఆ మూత్రాశయాలు అలా బలవలేదు.

రోగులకు, వారి కుటుంబాలకు దీని కంటే ముఖ్యమైన ఫలితం మరొకటి లేదు. గోడను ప్రధానంగా పాడుచేసేది నరం తెగడం కాదు, దాని తరువాత కలిగే సాగుదల, పీడనం. కాలు సన్నబడటానికి కారణం దానికి పని లేకపోవడం. మూత్రాశయానికి మాత్రం మూత్రపిండాలు రాత్రింబవళ్ళు బరువు పంపుతూనే ఉంటాయి. తెగిన వెన్నుపామును అతికించడం నేటికీ వైద్యుల చేతిలో లేదు. మూత్రాశయాన్ని వేళకు ఖాళీ చేయడం మాత్రం ఇంటివారి చేతిలో ఉంది.

పీడనం వెనక్కు తన్నితే

బిరుసెక్కిన మూత్రాశయంలో పీడనం పెరిగితే మూత్రనాళాల నుండి మూత్రం సులభంగా దిగదు. కొన్నిసార్లు వెనక్కు కూడా ఎగదన్నుతుంది. మూత్రపిండాలు ఉబ్బుతాయి, క్రమంగా చెడిపోతాయి. ఇది నొప్పి లేకుండానే జరగవచ్చు. అమెరికా వైద్యుడు ఎడ్వర్డ్ మెక్‌గ్వైర్, ఆయన సహచరులు 1981లో పుట్టుకతో వెన్నెముక లోపం గల పిల్లలను పరిశీలించి ఒక హద్దును సూచించారు. మూత్రం బయటకు కారే సమయంలో మూత్రాశయ పీడనం 40 సెంటీమీటర్ల నీటిమట్టాన్ని మించిన పిల్లలలో మూత్రపిండాలు దెబ్బతినడం ఎక్కువగా కనబడింది. నేటికీ వైద్యులు ఈ అంకెను గుర్తుంచుకొంటారు. మూత్రాశయ పీడనాన్ని కొలిచే యూరోడైనమిక్ పరీక్ష చేయించమని చెప్పడం ఇందుకొరకే.

ఒకప్పుడు వెన్నుపాము దెబ్బతిన్నవారి మరణాలకు మూత్రపిండాల వైఫల్యమే పెద్ద కారణం. ఇంగ్లండులోని స్టోక్ మాండెవిల్‌లో 1944లో లుడ్విగ్ గుట్‌మాన్ ప్రారంభించిన చికిత్సా కేంద్రం ఆ స్థితిని మార్చడానికి మార్గం వేసింది. 1972లో అమెరికాలోని మిషిగన్ విశ్వవిద్యాలయానికి చెందిన జాక్ లాపిడెస్ మరొక అడుగు వేశారు. అతిగా సాగిన మూత్రాశయపు గోడకు రక్తప్రసారం తగ్గుతుందని, అందువలననే అంటువ్యాధులు పట్టుకొంటాయని ఆయన వాదించారు. ఆసుపత్రిలో వలె క్రిమిరహితం చేయకపోయినా సరే, చేతులు శుభ్రంగా కడుగుకొని శుభ్రమైన సన్నని గొట్టంతో రోజుకు కొన్నిసార్లు రోగి తానే మూత్రం తీసుకోవచ్చని చూపించారు. తొలుత పలువురు వైద్యులు సందేహించిన ఈ పద్ధతి నేడు ప్రపంచమంతటా ప్రధాన చికిత్స అయింది.

మనకు చేరువలోని వెల్లూరులో మరొక స్ఫూర్తి కథ ఉంది. క్రిస్టియన్ మెడికల్ కాలేజీలో వైద్యురాలైన మేరీ వర్గీస్ 1954లో వాహన ప్రమాదంలో వెన్నుపాము దెబ్బతిని నడక కోల్పోయారు. చక్రాల కుర్చీలో కూర్చొనే కుష్ఠురోగుల చేతులకు శస్త్రచికిత్సలు చేశారు. తరువాత పునరావాస వైద్యం అభ్యసించి, 1966లో అక్కడ ప్రారంభమైన పునరావాస సంస్థకు ప్రాణం పోశారు. 1972లో పద్మశ్రీ అందుకొన్నారు. దెబ్బ తిన్న తరువాత ఆమె మూడు దశాబ్దాలకు పైగా జీవించారు.

ఇంటిలో పాటించవలసినవి

మొదటి పాఠం ఆసుపత్రిలోనే నేర్చుకోవాలి. గొట్టం వేసుకొనే విధానాన్ని నర్సు ఎదుట రోగి, ఇంటిలో మరొకరు చేసి చూపిన తరువాతనే ఇల్లు చేరాలి. సాధారణంగా నాలుగు నుండి ఆరు గంటలకొకసారి ఖాళీ చేయాలి. పెద్దవారిలో ఒక్కసారికి 500 మిల్లీలీటర్లకు మించి వస్తుంటే వ్యవధి తగ్గించాలని అర్థం. కొలత గీతలున్న ఒక మగ్గు, వేళను, పరిమాణాన్ని వ్రాసుకొనే ఒక నోటుపుస్తకం ఇంటిలో ఉంటే చాలు. ఆ పుస్తకం చూస్తే వైద్యునికి సగం సంగతి తెలుస్తుంది. గొట్టాన్ని ఎన్నిసార్లు వాడవచ్చునో, ఎలా శుభ్రపరచాలో వైద్యులనే అడగాలి.

బట్టలు తడుస్తాయని నీళ్ళు త్రాగడం మానిపించడం పెద్ద పొరపాటు. మూత్రం చిక్కబడి రాళ్ళకు, అంటువ్యాధులకు దారితీస్తుంది. నీరు పగటిపూట కొద్దికొద్దిగా పంచి త్రాగాలి. పొత్తికడుపును బలంగా నొక్కి మూత్రం పోయించే అలవాటు కూడా మంచిది కాదు. ద్వారం బిగుసుకొని ఉన్నప్పుడు నొక్కితే పీడనం మూత్రపిండాల వైపు పోతుంది. వైద్యుడు చెప్పనిదే ఆ పని చేయరాదు.

చలిజ్వరం, నడుము పక్కల నొప్పి, మూత్రంలో రక్తం, దుర్వాసనతో పాటు జ్వరం కనబడితే ఆలస్యం చేయరాదు. ఛాతీ భాగపు ఆరవ వెన్నుపూస దగ్గర గాని, దానికి పైన గాని దెబ్బ తగిలినవారిలో మరొక అపాయం ఉంది. మూత్రాశయం నిండితే అకస్మాత్తుగా తల పగిలేటంత నొప్పి, ముఖాన చెమటలు, రక్తపు పోటు పెరగడం జరుగుతుంది. వెంటనే రోగిని కూర్చోబెట్టి, బిగుతు బట్టలు వదులు చేసి, మూత్రాశయాన్ని ఖాళీ చేయాలి. గొట్టం ఉంటే అది మెలిక పడిందేమో చూడాలి. తగ్గకపోతే ప్రాణాపాయమని ఎంచి ఆసుపత్రికి తరలించాలి.

ఏ బాధా లేకపోయినా సంవత్సరానికొకసారి స్కానింగు, రక్తంలో క్రియాటినిన్ పరీక్ష చేయించడం మరువరాదు. బెంగళూరులో విక్టోరియా ఆసుపత్రి ఆవరణలోని నెఫ్రో-యూరాలజీ సంస్థ, హోసూరు రోడ్డులోని నిమ్‌హాన్స్ సంస్థలలో ఇటువంటి రోగులను చూస్తారు. విక్టోరియా నగర్తపేటకు ఎంతో దూరం లేదు.

మందుల నుండి ప్రయోగశాల వరకు

గొట్టంతో మాత్రమే పీడనం తగ్గనివారికి ఆక్సిబ్యుటినిన్ వంటి మాత్రలు కండరాన్ని సడలిస్తాయి. స్విట్జర్లాండులో బ్రిగిట్టే షూర్క్ బృందం 2000లో ప్రచురించిన ఫలితాల తరువాత, మూత్రాశయపు గోడలోనికి బొటులినమ్ ఇంజెక్షన్ ఇచ్చే పద్ధతి వ్యాపించింది. అప్పటికీ లొంగని బిరుసు మూత్రాశయానికి ప్రేగు ముక్కను అతికించి పెద్దది చేస్తారు.

రోగి స్వంత కణాలతోనే కొత్త గోడ పెంచవచ్చునా అన్న ప్రయత్నమూ జరిగింది. ఆంథనీ అటాలా బృందం, వెన్నెముక లోపం గల 4 నుండి 19 ఏళ్ళ వయసు వారు ఏడుగురికి ప్రయోగశాలలో పెంచిన కణజాలాన్ని అమర్చి, 2006లో ఫలితాలను ప్రకటించింది. పత్రికలు అప్పుడు ఎంతో ఆశ కల్పించాయి. అయితే 2014లో వెలువడిన మరొక బృందం పరిశోధనలో ఇటువంటి అమరిక మూత్రాశయాన్ని మెత్తబరచలేదు, తీవ్రమైన దుష్ఫలితాలూ కలిగాయి. గోడను కొత్తగా పెంచినా నాడి తిరిగి రాదు. ఖాళీ చేయడానికి గొట్టం అవసరం తప్పలేదు.

పిల్లల విషయంలో

వెన్నెముక లోపంతో పుట్టిన శిశువుకు మూత్రాశయపు చికిత్స తొలి నెలల నుండే మొదలు కావాలి. కొల్లాజెన్ పేరుకొన్న తరువాత గోడను వెనక్కు మరల్చడం కష్టం. అటువంటి బిడ్డ పుట్టిన తల్లి తిరిగి గర్భం ధరించక ముందే వైద్యుల సలహాతో ఫోలిక్ ఆమ్లం తీసుకొంటే ఆ లోపం మళ్ళీ కలిగే అవకాశం సుమారు 70 శాతం తగ్గుతుందని 1991లో బ్రిటన్ పరిశోధన తేల్చింది.

ఆ బిడ్డ బడికి వచ్చే నాటికి బడిలో తలుపు, గడియ, నీళ్ళు ఉన్న మరుగుదొడ్డి కావాలి. మధ్యాహ్నం ఒక పావుగంట అనుమతి కావాలి. తోటిపిల్లల ఎదుట అవమానం కలగకుండా చూసే ఉపాధ్యాయులు కావాలి. ఇవి లేకనే కొందరు పిల్లలు ఉదయం నుండి సాయంత్రం వరకు మూత్రం బిగబట్టి, నీళ్ళు మాని కూర్చొంటారు. గోడ బలవడానికి అది చాలు.

నగర్తపేట మెట్ల మీద జారిన ఆ కూలీ మళ్ళీ మూట మోయలేకపోవచ్చు. అయితే వేళ తప్పక మూత్రాశయాన్ని ఖాళీ చేసుకొంటే ఆయన మూత్రపిండాలు చాలాకాలం నిలుస్తాయి, దుకాణంలో కూర్చొని లెక్కలు వ్రాసుకొంటూ సంసారాన్ని నడపగలరు. పంచె తడిసిందా లేదా అన్నది కాదు, లోపల ఎంత మిగిలింది అన్నదే ఇంటివారు అడుగవలసిన ప్రశ్న.